నాలుగు రిమ్ములూ నాలుగు గులాబీ కుండీలూ

ఇరవయ్యేడేళ్లు స్కూలు బస్సు నడిపిన ఆవిడను ఆ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. పిల్లలు బస్సక్క అన్నారు, పిల్లల అమ్మానాన్నలూ బస్సక్కే అన్నారు. ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా, ఆవిడ నోరు మరీ వేగం అందుకున్నప్పుడల్లా, "బస్సక్కగారూ, కాస్త బ్రేకు వేస్తారా" అనేవాడు.

ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. రిటైరైన రోజున స్కూలువాళ్లు బస్సక్కకి ఒక గోడగడియారం బహూకరిస్తే, "మన ఇంట్లో లేనిది ఇదొక్కటే" అని ఆయన పడీపడీ నవ్వాడు. రాత్రి అన్నాలు తినకముందే దాన్ని విప్పి చూసి, స్ప్రింగు వదులుగా ఉందని తేల్చాడు కూడా.

రిటైరయ్యాక బస్సక్కకి వారం రోజులు కూడా తోచలేదు. తెల్లవారుజామున అయిదింటికల్లా మెలకువ వచ్చేది. మంచం మీద పడుకునే ఎడంకాలితో లేని క్లచ్చి తొక్కేది. పదో రోజున బజారుకని వెళ్లిన మనిషి పద్నాలుగేళ్ల పాత కారులో తిరిగొచ్చింది. అది మామూలు కారు కాదు. పొడుగ్గా, చిక్కటి నీలం రంగులో, లోపల తోలు సీట్లతో, చెక్క నగిషీతో, ఒకప్పుడు పెద్దపెద్దవాళ్లు మాత్రమే ఎక్కిన బాపతు. తలుపు వేస్తే తేలిగ్గా ఠప్ మనదు, బరువైన బీరువా మూసినట్టు ధబ్ మంటుంది. పళ్ల డాక్టరుగారు ఎత్తయిన కొత్త బండి కొనుక్కుని దీన్ని అమ్మకానికి పెడితే, బస్సక్క రిటైర్మెంటు సొమ్ములో సగం పోసి తెచ్చేసింది.

గడియారాలాయన కంటికున్న భూతద్దం తీయకుండానే బయటికి వచ్చి, ఒక కంటితో పెద్దగా, ఒక కంటితో మామూలుగా ఆ కారును చూశాడు.

"మనిద్దరికీ ఇంత కారెందుకే? వెనకాల ఎవరు కూర్చుంటారు?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా" అంది బస్సక్క.

ఆ ప్రశ్నకు జవాబు పక్కవీధిలోనే దొరికింది. లెక్కల మాస్టారికి నడుముకి ఆపరేషనైంది. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లాలి. చిన్న కార్లలో ఆయన కాళ్లు మడవలేడు, ఎత్తు బండ్లలోకి ఎక్కలేడు. బస్సక్క కారు వెనకసీటు ఆయనకు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. ఆయన చెబితే ఇంకో ఇద్దరు మోకాళ్లవాళ్లు వచ్చారు, వాళ్లు చెబితే ఒక తుంటివాడు వచ్చాడు. నెల తిరక్కుండానే బస్సక్కకి మళ్లీ పికప్పులూ డ్రాపులూ, గోడ మీద టైమ్‌టేబులూ. మనిషి పదేళ్లు చిన్నదైపోయింది.

అంతా బాగానే ఉంది గానీ, ఒకరోజు దిగేటప్పుడు మాస్టారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"అమ్మాయ్, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోవు కదా?"

"చెప్పండి మాస్టారూ."

"నీ కారు చూస్తే పరుపు, కూర్చుంటే పలక. ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా పదకొండు మ్యాన్‌హోల్ మూతలున్నాయి. కళ్లు మూసుకుని లెక్కపెట్టగలుగుతున్నాను. ఒక్కొక్కటీ వెన్నుపూసలో సంతకం చేసి పోతోంది."

బస్సక్క మొహం చిన్నబోయింది. ఇరవయ్యేడేళ్లలో తన డ్రైవింగుకు ఎవరూ వంక పెట్టలేదు. పసిపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయేవాళ్లు ఆ బస్సులో. మాస్టారు ఆవిడ మొహం కనిపెట్టి, "నడపడం నీది వంకలేనిదమ్మా, బండిదే ఏదో తేడా" అని సర్దిచెప్పాడు. అయినా ఆవిడకి ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

మర్నాడు కారు కడుగుతుంటే ముందు ఎడమ టైరు పక్కభాగం మీద చెయ్యి ఆగింది. అక్కడ నిమ్మకాయంత ఉబ్బు. ఎప్పుడో గుంతలో దెబ్బ తగిలి లోపలి దారాలు తెగాయన్నమాట. అలాంటి టైరును రోడ్డెక్కించకూడదని ఆవిడకి స్కూలు బస్సు రోజుల్నుంచే తెలుసు. వంగి మిగతా మూడూ చూసింది. లోపలి అంచులు నున్నగా అరిగిపోయి గీతలే లేవు. నాలుగూ మార్చాల్సిందే.

ఆ ఊళ్లో టైర్ల కొట్టు నడిపేవాడికి నలభై ఏళ్లు, బట్టతల, పెద్ద పొట్ట. అందరికీ ఆయన ఓనరుగారు. బస్సక్కకి మాత్రం నిమ్మకాయ. చిన్నప్పుడు బస్సెక్కితే వాంతి వస్తుందని రోజూ ముక్కు దగ్గర నిమ్మకాయ పట్టుకుని కూర్చునేవాడు. దాని చోట స్పేర్ టైరు బిగించుకుని నెమ్మదిగా దుకాణం చేరిన బస్సక్కను చూసి గల్లాపెట్టె వదిలి ఎదురొచ్చాడు.

"బస్సక్కా! రండి రండి. మీకోసం అదిరిపోయే సెట్టుంది. మీ సైజే, 245/40 R19. నల్లగా నిగనిగలాడుతున్నాయి చూడండి. మీరని సగానికి సగం తగ్గించి ఇస్తా."

బస్సక్క కళ్లజోడు పెట్టుకుని టైరు చుట్టూ వేలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగింది.

"ఏరా నిమ్మకాయా, ఈ నాలుగంకెలేంటో నీకు తెలుసా?"

నిమ్మకాయ పొట్ట లోపలికి పోయింది. మొదటి రెండంకెలూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ లెక్కన ఆ నిగనిగలన్నీ అయిదున్నరేళ్ల కిందటివి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది.

"అయ్యో, పాత సరుకు పై వరసలోకి ఎవడు ఎక్కించాడో!" అని నాలిక్కరుచుకున్నాడు. తరవాత నిజంగానే సిగ్గుపడి, "మీ దగ్గరా నా ఆటలు! కొత్తవి తెప్పిస్తా, రెండ్రోజులాగండి" అన్నాడు.

"తెప్పించు గానీ, ముందు ఒకటి చెప్పు. బండి ఎందుకిలా గుద్దుతోంది? షాక్ అబ్జార్బర్లు పోయాయా?"

కారును పైకెత్తి టార్చి వేసి అటూ ఇటూ చూసి, "కింద అంతా గుండ్రాయిలా ఉందక్కా. షాకులు మొన్నమొన్నే మార్చినట్టున్నారు" అని తల గోక్కున్నాడు.

ఇంటికొచ్చాక బస్సక్క కారు చుట్టూ పిల్లిలా తిరిగింది. గడియారాలాయన కిటికీలోంచి చూస్తూ, "ముహూర్తం పెట్టమంటావా దానికి?" అని ఎగతాళి చేశాడు. ఆవిడ పట్టించుకోలేదు. డ్రైవరు తలుపు తీసి, తలుపు వచ్చి ఆనే స్తంభం మీది మట్టిని తడిగుడ్డతో తుడుస్తుంటే ఒక చిన్న స్టిక్కరు బయటపడింది. టైరు బొమ్మ, గాలి లెక్క, పక్కన సైజు. కళ్లు నులుముకుని మళ్లీ చదివింది. 225/55 R17.

కారుకున్నదేమో పందొమ్మిది. కంపెనీవాళ్లు రాసిందేమో పదిహేడు.

మాస్టారి ఇంటికి పరుగున వెళ్లి రెండు సైజులూ ఆయన ముందు పెట్టింది. ఆపరేషనయ్యాక ఇంట్లో అందరూ ఆయన్ని పసివాణ్ణి చూసినట్టు చూస్తున్నారు గానీ, ఒక లెక్క ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ఆయన కళ్లు మిలమిలలాడాయి. కాగితం, పెన్సిలు తెప్పించుకున్నాడు.

"చూడమ్మా, మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో నూటికి ఎంత వంతు రబ్బరు ఎత్తు అన్నది. చివరిది రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. ఇప్పుడు నీ కారుకున్న రబ్బరు ఎత్తు రెండువందల నలభై అయిదులో నలభై వంతులు, అంటే తొంభై ఎనిమిది మిల్లీమీటర్లు. స్టిక్కరు మీదిది నూట ఇరవై నాలుగు. దాదాపు అంగుళం తేడా! నా నడుముకీ రోడ్డుకీ మధ్య ఉండాల్సిన అంగుళం మెత్తదనాన్ని ఎవరో కోసేసి, ఆ చోట ఇనుము పెట్టారు."

"మరి చక్రం చిన్నదైపోదా మాస్టారూ?"

"అక్కడే ఉంది తమాషా." ఇంకో నాలుగు గీతలు గీశాడు. "మొత్తం చక్రం ఎత్తు ఇదీ ఆరువందల డెబ్భై తొమ్మిది, అదీ ఆరువందల డెబ్భై తొమ్మిది. మిల్లీమీటరు కూడా తేడా లేదు. స్పీడు ముల్లు అబద్ధమాడదు. రిమ్ము తగ్గుతుంది, రబ్బరు పెరుగుతుంది, అంతే!"

మాస్టారు లెక్క పూర్తిచేసి వెనక్కి వాలిన తీరు చూస్తే నడుమునొప్పి సంగతే మరిచిపోయినట్టుంది.

ఫోను చేస్తే నిమ్మకాయకీ విషయం వెలిగింది. "పళ్ల డాక్టరుగారి పనే అక్కా! షోకు కోసం పెద్ద రిమ్ములు వేయించుకుని ఉంటారు. మనం చిన్న రిమ్ములు పెట్టాలంటే బ్రేకులకి తగలకూడదు, కాబట్టి ఆ కారుతో వచ్చిన అసలువే దొరికితే బంగారం. ఈ కారుకి బయట దొరకడం కష్టం. ఆయన్నే అడగండి."

పళ్ల డాక్టరు క్లినిక్కు కింద, ఇల్లు పైన. బస్సక్క వెళ్లేసరికి ఆయన ఎవరి నోట్లోనో అద్దం పెట్టి ఉన్నాడు. సంగతి విని, "ఆ పాత రిమ్ములా? ఎప్పుడో అటకెక్కించినట్టు గుర్తు. మా అమ్మనడగండి, ఇంట్లో సామాను లెక్క ఆవిడకే తెలుసు" అన్నాడు.

డాక్టరుగారి అమ్మ మేడ మీద, కుర్చీలో కూర్చుని పైపుతో కుండీలకు నీళ్లు పెడుతోంది. డెబ్భై అయిదేళ్లు దాటిన మనిషి, మోకాలికి పట్టీ. ఆవిడ ముందు నాలుగు పెద్ద కుండీలు, నాలుగింటా విరగబూసిన ఎర్ర గులాబీలు. ఆ కుండీలు దేని మీద కూర్చున్నాయో వంగి చూసింది బస్సక్క. ఒక్కో కుండీ కింద ఒక్కో రిమ్ము. పదిహేడు అంగుళాలవి, అసలైనవి. నీళ్లు కిందికి జారడానికి మధ్య కన్నాలు భేషుగ్గా పనికొస్తున్నాయి.

"అమ్మగారూ, మీ కుండీల కిందవి నాకు కావాలి" అంది బస్సక్క తిన్నగా.

"కుదరదు" అంది ముసలావిడ అంతకన్నా తిన్నగా. "నేల మీద పెడితే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. ఎనిమిదేళ్లుగా వాటి మీదే ఉన్నాయి. వాటికి అలవాటైంది, నాకూ అలవాటైంది."

బస్సక్క కింద కూర్చుని మాస్టారి నడుము గురించీ, పదకొండు మ్యాన్‌హోల్ మూతల గురించీ, కోసేసిన అంగుళం గురించీ మొత్తం చెప్పింది. ముసలావిడ పైపు కట్టేసి శ్రద్ధగా వింది.

"అయితే ఆ కారు నువ్వు కొన్నావా? నీలంది?" అంది గొంతు మార్చి. "అందులో తిరగడం నాకెంత ఇష్టమో! మావాడు ఆ మెరిసే చక్రాలు బిగించిన రోజే చెప్పాను, ఒరే, ఒళ్లు హూనమైపోతోందిరా అని. నీకు వయసైపోయింది అమ్మా అన్నాడు. ఇప్పుడు కొన్న బండి చూడబోతే నిచ్చెన వేసుకుని ఎక్కాలి. నేను మేడ దిగి ఏడు నెలలైంది."

"అయితే నేను వారానికోసారి తిప్పుతాను అమ్మగారూ. డబ్బులొద్దు."

"డబ్బులెందుకొద్దు? నా పెన్షను నాకుంది. కానీ నా కుండీలు మాత్రం నేల మీద పెట్టనివ్వను."

బస్సక్క మళ్లీ కుండీల వంక చూసింది. అప్పుడు బస్సక్కకి తట్టింది. తట్టగానే నవ్వొచ్చింది. చెప్పేలోపలే మళ్లీ నవ్వొచ్చింది.

"అమ్మగారూ, నా కారుకున్న పెద్ద రిమ్ములు పెడితే? మీ అబ్బాయిగారు ముచ్చటపడి కొన్నవే. ఇంకో రెండంగుళాలు వెడల్పు కూడా."

ముసలావిడ పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. "మెరుస్తాయా?"

"అద్దంలా!"

"తెచ్చిపెట్టు."

కుండీలు దించడానికి గడియారాలాయన రావాల్సొచ్చింది. జీవితంలో ట్వీజర్లకన్నా బరువైనది ఎత్తని మనిషి, గులాబీ ముళ్లు గుచ్చుకున్నప్పుడల్లా "ఇదంతా వెనకసీటు కోసమే కదా" అని మూలుగుతూనే నాలుగూ ఇటుకల మీదికి మార్చాడు. ఎనిమిదేళ్ల మట్టి, అల్లుకుపోయిన వేళ్లు, ఒకదాంట్లో నత్తల కుటుంబం. అన్నీ వదిలించి, కడిగి, కొట్టుకు తీసుకెళ్తే నిమ్మకాయ ఒక్కొక్కటీ యంత్రం మీద తిప్పి చూశాడు. మూడు సరిగా తిరిగాయి. నాలుగోది కొద్దిగా ఊగింది. దాన్ని వంపు తీయించడానికి పంపి, ఆలోగా టైర్ల సంగతి మాట్లాడదామన్నాడు.

"ఈ సైజులో మూడు రకాలున్నాయక్కా. మూడూ స్టిక్కరు చెప్పిన బరువు మోస్తాయి. ఒకటి కుర్రాళ్లకి, వేగంగా వెళ్తే రోడ్డుని పట్టుకుని వదలదు. రెండోది గట్టిది, ఎన్నేళ్లయినా అరగదు, కాకపోతే కొంచెం హోరు. మూడోది మెత్తన, చప్పుడుండదు, కానీ తొందరగా అరుగుతుంది."

మొదటిదాన్ని చేత్తోనే పక్కకి నెట్టేసింది బస్సక్క. "మిగతా రెండూ కూర్చుని చూడాలి."

"కూర్చోవడమేంటి, నడిపి చూడండి. మెత్తవి నా కారుకే ఉన్నాయి. గట్టివి మా బావ కారుకి."

"నడిపితే నాకేం తెలుస్తుందిరా? నావాళ్లు కూర్చునేది వెనకాల కదా. నువ్వు నడుపు."

అలా ముప్ఫై ఏళ్ల తర్వాత బస్సక్క మొదటిసారి ఒక బండి వెనకసీట్లో కూర్చుంది. అయిదు నిమిషాలదాకా ఆవిడ కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. "ఒరే మెల్లగా! ఆ సైకిలతన్ని చూశావా? ఇండికేటరు వెయ్యి!" అని గోల. నిమ్మకాయ నుదుటి మీద చెమట పట్టింది. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని చెవులు రిక్కించింది. బావ కారులో కింద నుంచి తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. నిమ్మకాయ కారులో ఆయన గస తప్ప ఏమీ వినిపించలేదు.

"మెత్తవే బిగించు."

"తొందరగా అరుగుతాయక్కా, తర్వాత నన్ననకూడదు."

"అరగనీ. నావాళ్ల ఎముకలు అరక్కుండా ఉంటే చాలు." అని, వంపు తీసిన రిమ్మూ కొత్త టైర్లూ వచ్చాక నాలుగు టైర్ల మీదా వారం, సంవత్సరం చదివి గానీ బిగించనివ్వలేదు. వీల్ బ్యాలెన్సింగు, ఎలైన్‌మెంటు అయ్యేదాకా పక్కనే నిలబడింది. ఎలైన్‌మెంటు తప్పి, చక్రాలు కాస్త వంకరగా నిలబడి ఉండడం వల్లే పాతవి లోపలి వైపు అరిగాయని నిమ్మకాయ తెరమీద చూపించాడు.

మెరిసే రిమ్ములు నాలుగూ డాక్టరుగారి మేడెక్కాయి. క్లినిక్కు మూసి పైకొచ్చిన పళ్ల డాక్టరు, తను ఊళ్లు తిరిగి ఏరికోరి కొన్న రిమ్ములు కుండీల కింద ఉండడం చూసి, పంటి పేషెంటులా నోరు తెరిచి అలాగే ఉండిపోయాడట.

"అమ్మా, వాటి ఖరీదెంతో తెలుసా నీకు?"

"తెలుసు కాబట్టే గులాబీల కింద పెట్టాను. బంతి మొక్కలైతే ఇటుకలే చాలు" అందిట ఆవిడ.

ఆ గురువారం ముసలావిడ కొడుకు చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. వెనకాల కూర్చోనంది. "ముందు కూర్చుంటేనే ఊరు కనిపిస్తుంది" అని బస్సక్క పక్కన స్థిరపడింది. వంతెన మీదుగా, మార్కెట్టు చుట్టూ, నది ఒడ్డున కొత్తగా వేసిన రోడ్డు మీద గంటసేపు తిరిగారు. ఏడు నెలల్లో మారిపోయిన దుకాణాల బోర్డులన్నీ పైకి చదివింది. చక్రాల గురించి ఒక్క మాటా అనలేదు. గుర్తే రాలేదని బస్సక్కకి అర్థమై, లోలోపల పొంగిపోయింది. పైవారం ఇంకో స్నేహితురాల్ని కూడా తెస్తానంది ముసలావిడ. ఆవిడకి రెండు మోకాళ్లూనట.

శుక్రవారం పొద్దున మాస్టారి వంతు. బస్సక్క పరీక్ష రాసేదానిలా స్టీరింగు ముందు సర్దుకుని కూర్చుంది. ఆయన వెనకసీట్లో చేరబడి, "ఊఁ, పోనీ. నేను లెక్కపెడతాను" అని కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ వేగం పెంచలేదు, తగ్గించలేదు, ఏ మూతనూ తప్పించలేదు. ఉన్నది ఉన్నట్టు తేలాలి. ఒకటి. రెండు. అద్దంలో చూసింది. ఆయన పెదవులు కదలడం లేదు. నాలుగోది దాటాక తల కొద్దిగా పక్కకి వాలింది. ఏడోది దాటేసరికి సన్నగా గురక.

ఆస్పత్రి గేటు ముందు కారాపి, ఇంజను కట్టేసి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చుంది. పది నిమిషాలైంది. ఫిజియోథెరపీ అమ్మాయి బయటికొచ్చి వాచీ చూపించింది. బస్సక్క వేలు పెదవుల మీద పెట్టి, ఇంకో అయిదు నిమిషాలని సైగ చేసింది. ఆ అమ్మాయి లోపలికి తొంగిచూసి, నవ్వి, తలుపు చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

చివరికి ఎవరిదో హారను మోతకి మాస్టారికి మెలకువ వచ్చింది. కళ్లజోడు సర్దుకుని, ఆగి ఉన్న కారునూ, స్టీరింగు ముందు తీరిగ్గా కూర్చున్న బస్సక్కనూ చూసి కొంచెం విసుక్కున్నాడు.

"ఏమ్మాయ్, ఇంకా బయల్దేరలేదా? అవతల టైమవుతోంది!"